ముసురులో పుట్టగొడుగు ఒరుగులు

శ్రావణ మాసంలో కాకినాడలో ఉప్పు డబ్బా మూత తీస్తే ఉప్పు ముద్ద కట్టి ఉంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు కూడా నీరు లాగడం మొదలుపెడుతుంది. ఆ నెలంతా మా వంటింట్లో తేమ కొలిచే మీటరు 84 చుట్టూనే తిరిగింది. సరిగ్గా అప్పుడే వెనక గదిలో వరిగడ్డి సంచుల నిండా ముత్యపు చిప్ప పుట్టగొడుగులు గుత్తులు గుత్తులుగా విచ్చుకున్నాయి. ఇరుగుపొరుగులకు పంచగా ఇంకా రెండు కిలోలు మిగిలాయి. ఫ్రిజ్‌లో పెట్టినా నాలుగైదు రోజులకు మించి బాగుండవు. కష్టపడి పెంచినవాటిని పారేయడానికి చేతులు రాలేదు. ఒరుగులు చేయాలనుకున్నాను.

ఎండ ఉంటే గొడవే లేదు. పొరలున్న వైపు పైకి తిప్పి ఎండలో పరిస్తే విటమిన్ డి కూడా చేరుతుంది. కానీ వారం రోజులుగా సూర్యుడి జాడ లేదు. కేకులు చేసే చిన్న అవెన్‌లో పెట్టి చూశాను. దాని కనీస వేడే 100 డిగ్రీలు. అంచులు మాడిపోయాయి, నడుమ మెత్తగానే ఉండిపోయాయి. తర్వాత చీల్చిన ముక్కలను జల్లెడ మీద పరిచి, రాత్రంతా, మర్నాడంతా ఫ్యాను కింద ఉంచాను. చూడటానికి ఎండినట్టే కనిపించాయి. సీసాలో పోసి, వేయించి చల్లార్చిన బియ్యం గుడ్డలో మూటగట్టి అందులో వేశాను. తొమ్మిదో రోజు మూత తీస్తే ముక్కిపోయిన వాసన. ముక్కల మీద బూడిద రంగు బూజు.

మా పెద్దమ్మ ఆ సీసా చూసి ఒక ముక్క తీసి వంచింది. అది అట్టముక్కలా వంగింది గానీ విరగలేదు. "ఇవి ఆరాయి అమ్మాయ్, ఎండలేదు" అంది. నేను చేసిన తప్పంతా ఆ మాటలో ఉంది. ఫ్యాను గాలి ఎంత వీచినా ఆ గాలిలోనే 84 శాతం తేమ ఉన్నప్పుడు ముక్క ఆరుతుంది, అక్కడితో ఆగిపోతుంది. మిగిలిన ఆ కాస్త తడి బూజుకు చాలు. బియ్యం ఎంత వేయించినా ఆ తడి లాగే సత్తువ దానికి లేదు.

సున్నం వాడదామనుకుని మానేశాను. కాల్చిన రాతి సున్నం నీటిని లాగే మాట నిజమే కానీ, తడి తగిలితే సెగలు కక్కుతుంది, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. దుకాణాల్లో దొరికే పొడి సున్నం చాలావరకు అప్పటికే నీరు పట్టినది, దానితో పని జరగదు. బట్టల బీరువాల్లో పెట్టే కాల్షియం క్లోరైడ్ గట్టిదే, అయితే అది చివరికి నీళ్లై కారుతుంది. తిండి పక్కన అది నాకు నచ్చలేదు.

చివరికి భేది ఉప్పు దగ్గర ఆగాను. అంటే మెగ్నీషియం సల్ఫేట్. ఎరువుల దుకాణంలో చవకగా దొరుకుతుంది కానీ, తినే వస్తువు దగ్గర పెట్టేది కాబట్టి మందుల దుకాణంలో అమ్మేదే కిలో కొన్నాను. ఆ పలుకుల బరువులో సగానికి పైగా నీరే: ఒక్కో అణువుకు ఏడు నీటి అణువులు. ఆ నీటిని కాచి తరిమేస్తే ఉప్పు మళ్లీ నీటి కోసం చుట్టూ గాలిని పీలుస్తుంది. కిలోకు 488 గ్రాములు మిగిలితే పూర్తిగా పొడిబారినట్టు.

వంటకు వాడని పాత మూకుడులో పోసి సన్నని సెగ మీద పెట్టాను. ముందు తన నీళ్లలో తానే కరిగి పంచదార పాకంలా అయింది. తర్వాత బుడబుడమని పొంగింది, చిట్లి చేతి మీద పడింది. ఆపైన సున్నపు గోడలా తెల్లగా గట్టిపడి మూకుడుకు అతుక్కుపోయింది. ఉలితో కొట్టి పెళ్లలు తీయాల్సి వచ్చింది. తూచితే 570 గ్రాములు. ఎంతసేపు కాచినా అంతకంటే దిగదు. చివరి నీటి అణువు 200 డిగ్రీలు బాగా దాటితే గానీ కదలదట. పెళ్లలను గుడ్డలో చుట్టి సుత్తితో నలగ్గొట్టి, ముక్కుకు తువ్వాలు కట్టుకుని, పళ్లెంలో పల్చగా పరిచి అవెన్‌లో 250 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచాను. 505కు వచ్చింది. వేడి మీదే గాజు సీసాలో పోస్తే సీసా పగులుతుంది. స్టీలు డబ్బాలో పోసి మూత బిగించి చల్లారనిచ్చాను.

ఈసారి కిలో తాజా పుట్టగొడుగులు తీసుకున్నాను. అందులో ఇంచుమించు 900 గ్రాములు నీరే. నా దగ్గరున్న ఉప్పు మహా అయితే దాదాపు అర కిలో నీరు తాగుతుంది. అందుకే మొదటి పని ఫ్యానుదే. ఒకటిన్నర రోజుకు ముక్కలు 182 గ్రాములకు దిగాయి. అప్పుడు రబ్బరు అంచు మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టెలో అడుగున పళ్లెంలో ఉప్పు, దానికి జానెడు ఎత్తున స్టీలు జల్లెడ, జల్లెడ మీద ముక్కలు. ఉప్పు వాటికి ఎక్కడా తగలదు. ఆవిరి మాత్రమే పైనుంచి కిందికి దిగుతుంది.

మర్నాడు 141. ఆ మర్నాడు 117. మూడో రోజు 106. ఉప్పు పళ్లెం తూచాను: 505 కాస్తా 586 అయింది. ముక్కలు పోగొట్టుకున్నది 76 గ్రాములు, ఉప్పు పొందింది 81. తూచడానికి మూత తీసినప్పుడల్లా గదిలోని తేమ లోపలికి వచ్చింది కదా, ఆ ఐదు గ్రాములు దానివే. ఆ లెక్క కాగితం ఇప్పటికీ ఫ్రిజ్ తలుపు మీదే ఉంది.

ఒక ముక్క తీసి రెండు వేళ్లతో నొక్కాను. అప్పడంలా ఫెళ్లుమంది.

వెంటనే సీసాల్లో పోసి మూతలు బిగించాను. ఉప్పు బరువు 700 దాటాక మళ్లీ అవెన్‌లో కాస్తాను. పోయేది నీటి ఆవిరే కాబట్టి అదే ఉప్పు ఎన్నిసార్లైనా పనికొస్తుంది. కార్తీకంలో ఒక సీసా తెరిచాను. వాసన తాజావాటికంటే చిక్కగా ఉంది. గోరువెచ్చని నీళ్లలో ఇరవై నిమిషాలు నానబెట్టి, ఆ నీళ్లతో సహా పులుసులో వేశాను.

పెద్దమ్మ ఒక ఎండు ముక్క చెవి దగ్గర పెట్టుకుని విరిచి చూసింది. మర్నాడు పొద్దున్నే కవరు పట్టుకుని వచ్చి గుమ్మంలోనే అడిగింది: "నీ ఉప్పు పెట్టెలో నా గోరుచిక్కుడు ఒరుగులకు చోటుందా?"