జాకెట్టు నలగకుండా: కువైట్ గది నుంచి కడప గూటిదాకా

రాయచోటి, రాజంపేట, రైల్వే కోడూరు వైపు నుంచి కువైట్ వచ్చినోళ్ళ మంచం కింద కార్గో అట్టపెట్టె ఒకటి ఎప్పుడూ సగం నిండి ఉంటుంది. పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్ళకు ఇంకో పెట్టె కూడా ఉంటుంది. అల్ రాయ్ శుక్రవారం సంతలోనో, నవంబరులో జరిగే షార్జా పుస్తక ప్రదర్శనలోనో కొన్న గట్టి అట్ట పుస్తకాలు అందులో ఉంటాయి. వీటిలో మొదట పాడయ్యేది లోపలి కాగితం కాదు, కుట్టు కాదు, పైన వదులుగా తొడిగిన డస్ట్ జాకెట్టు. ఆరుగురుండే గదిలో రాత్రింబవళ్ళు ఏసీ, వంట పొగ, బుఖూర్ ధూపం, కిటికీ మూసినా చొరబడే ఎడారి దుమ్ము. అక్కడి నుంచి కార్గో కంటైనర్లో వేడి. ఆ తర్వాత కడప మే నెల. ఇన్ని దాటాలి ఆ పల్చటి కాగితం.

జాకెట్టు పుట్టింది పుస్తకాన్ని కాపాడటానికి. కొని ఇంటికి తెచ్చుకున్నాక చింపి పారేసేవాళ్ళు. ఇప్పటిదాకా దొరికిన అత్యంత పాత ఇంగ్లీషు జాకెట్టు 1829 నాటిది. పారేయగా మిగిలినవి కొన్నే కాబట్టి, ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల నవలల మొదటి ముద్రణలకు జాకెట్టు ఉంటే ఒక ధర, లేకపోతే అందులో చిన్న వంతు. తెలుగులో ధర సంగతి పక్కన పెట్టండి, బొమ్మ సంగతి చూడండి. క్యాలికో గుడ్డ బైండింగు మీద పల్చటి జాకెట్టుతో వచ్చిన పాత పుస్తకాలకు బాపులాంటి వాళ్ళు గీసిన ముఖచిత్రం ఆ కాగితం మీదే ఉంటుంది. లైబ్రరీ బైండింగు చేయించినప్పుడు ముందు తీసి పక్కన పడేసేదీ ఆ కాగితాన్నే. అది పోతే లోపల మిగిలేది రంగు గుడ్డ.

ఇక పని. అన్నిటికన్నా ముఖ్యం: జాకెట్టుకు ఏదీ అంటించకూడదు. మన చేతికి మాత్రం వేరే అలవాటుంది. జూన్‌లో బడి తెరిచిన వారం ఖాకీ అట్టలు వేసి, మూలలకు టేపు కొట్టి, పేరు చీటీ అతికించిన చేతులు ఇవి. మామూలు సెల్లోటేపు జిగురు నాలుగైదేళ్ళలో పసుపెక్కి కాగితంలోకి దిగుతుంది, ఎండ తగిలే చోట ఇంకా తొందరగా. తర్వాత టేపు ఎండి దానంతటదే రాలిపోతుంది, మరక మాత్రం ఉండిపోతుంది. జిగురున్న ప్లాస్టిక్ షీటు, లామినేషన్ ఇంకా అన్యాయం. ఒకసారి వేస్తే బొమ్మతో సహా తప్ప ఊడిరావు. వంటింట్లో వాడే క్లింగ్ ఫిల్మ్‌తో చుట్టడం, కొన్నప్పటి ష్రింక్ కవరును అలాగే ఉంచేయడం కూడా వద్దు. ష్రింక్ కవరు కాలం గడిచేకొద్దీ బిగుసుకుని అట్టను వంచేస్తుంది.

కావలసింది పాలియెస్టర్ ఫిల్మ్. మైలార్, మెలినెక్స్ అన్న పేర్లతో తెలిసినది ఇదే. 50 మైక్రాన్ల మందం, ఏ పూతా లేనిది అని అడగండి. 25 మైక్రాన్లది చేతిలో నిలవదు, నలుగుతుంది. 100 అయితే మడత కూర్చోదు, పుస్తకం తెరిచినప్పుడల్లా ఎదురు తంతుంది. దుకాణంలో ఏదో ఒక పారదర్శక షీటు చూపించి "సేమ్ సేమ్" అంటాడు. నమ్మవద్దు. మెత్తగా సాగి, కొత్త రెయిన్‌కోటు వాసన వస్తే అది పీవీసీ. దాన్ని మెత్తబరిచే రసాయనం వేడికి బయటికొచ్చి అచ్చు సిరాను పట్టుకుంటుంది. పాత ఫోటో ఆల్బంలో ఫోటో ప్లాస్టిక్‌కు అతుక్కుపోవడం చూసే ఉంటారు, అదే జబ్బు. పాలియెస్టర్‌కు వాసన ఉండదు, ఆడిస్తే చిటపటమంటుంది, రెండు చేతులా లాగినా సాగదు. పాలీప్రొపిలీన్ కూడా హాని చేయదు. కాకపోతే గీతలు తొందరగా పడతాయి.

కొలతలు ఒక ఉదాహరణతో చూద్దాం. రాయల్ సైజు నవల జాకెట్టు తీసి పూర్తిగా పరిస్తే ఎత్తు 24 సెం.మీ., రెక్కలతో (అట్ట లోపలికి మడిచే రెండు చివరలతో) కలిపి పొడవు 54 సెం.మీ. వచ్చిందనుకోండి. ఫిల్మ్ ఎత్తు 29.2 సెం.మీ. కోయాలి. మడత కోసం పైన 2.5, కింద 2.5, మిగిలిన 2 మిల్లీమీటర్లు జాకెట్టు కదలడానికి. పొడవు 56, అంటే రెండు రెక్కల చివర చెరో సెంటీమీటరు ఎక్కువ. లోపల ఆనించడానికి ఆమ్లం లేని కాగితం, 80 నుంచి 100 జీఎస్ఎం, 23.8 × 53.8 సెం.మీ. ఏ2 షీటులో ఒకటి వస్తుంది. 30 సెం.మీ. వెడల్పు, 10 మీటర్ల రోలుకు 17 పుస్తకాలు అవుతాయి. పుస్తకానికో కొలత ఉంటుంది కాబట్టి అన్నీ ఒకేసారి కోసి పెట్టుకోవద్దు.

శుక్రవారం పొద్దున గదిలో మిగతావాళ్ళు లేవకముందు మొదలుపెడితే మంచిది. పరవడానికి నేల దొరుకుతుంది. చేతులు సబ్బుతో కడిగి ఆరనివ్వండి. తలనూనె చెయ్యి అసలు తగలకూడదు. జాకెట్టు మీది దుమ్మును మెత్తటి పొడి బ్రష్‌తో వెన్ను నుంచి అంచులకు తుడవండి. ఫిల్మ్ పరిచి, దానిమీద జాకెట్టును బొమ్మ కిందికొచ్చేలా బోర్లా వేసి, దానిమీద ఆమ్లం లేని కాగితం పెట్టండి. జాకెట్టు కింది అంచుకు ఒక మిల్లీమీటరు అవతల స్టీలు స్కేలు ఆనించి, ఫిల్మ్‌ను స్కేలు మీదికి లేపి, స్కేలు తీసి, చెంచా వీపుతో మడతను ఆ చివర నుంచి ఈ చివరికి గట్టిగా రుద్దండి. కాగితం అంచు ఆ మడత లోపలికి పోవాలి. తర్వాత పై అంచూ అంతే. ఒక మిల్లీమీటరు ఎందుకంటే, బిగుతుగా మడిస్తే వేడికి జాకెట్టు మధ్యలో ఉబ్బుతుంది. మూడు, నాలుగు మిల్లీమీటర్లు వదిలితే లోపల కిందికి జారి, అట్ట అంచు దాటి బయటికొచ్చి నలుగుతుంది. కొత్తగా చేసేవాళ్ళ చేతిలో ఎక్కువగా జరిగేది ఈ రెండోదే.

పాలియెస్టర్ మొండిది, మడత లేచొస్తుంటుంది. అప్పుడు 3ఎం 415 లాంటి రెండువైపుల టేపు చిన్న ముక్క వాడొచ్చు, కానీ ఫిల్మ్ మడతకూ లోపలి కాగితానికీ మధ్య మాత్రమే. జాకెట్టు దాన్ని చూడనే కూడదు.

తొడిగేటప్పుడు వెన్ను దగ్గర మొదలుపెట్టండి. వెన్ను మీది అక్షరాలు సరిగ్గా మధ్యకు వచ్చాయో లేదో చూసి, పుస్తకం మూసి ఉంచే రెక్కలు మడవండి. అట్ట తెరిచిపెట్టి మడిస్తే, మూసేసరికి జాకెట్టు పొట్టి అవుతుంది, వెన్ను తల దగ్గర చిరుగు పడుతుంది. రెక్కను దాని పాత మడత మీదే మడవాలి, కొత్త గీత పెట్టవద్దు. రెక్క మూలన ధర ఉంటే కత్తిరించవద్దు, కానుక ఇచ్చేటప్పుడు కూడా. ఆ మూల తెగిందంటే సేకరణ చేసేవాళ్ళ దృష్టిలో అదొక లోపం. చెయ్యి తిరిగాక ఒక్కో పుస్తకానికి పది నిమిషాలు చాలు.

ధర చీటీలు ఉంటే ఫిల్మ్ వేయకముందే తీయండి. హెయిర్ డ్రయర్ తక్కువ వేడిలో, జానెడు దూరం నుంచి అర నిమిషం, తర్వాత చీటీని వెనక్కి మడుస్తూ నిదానంగా. జాకెట్టు నిగనిగలాడే రకమైతేనే ఈ పని. ముతక కాగితమైతే చీటీని అలాగే వదిలేయడం మేలు.

చిరుగులకు ఫెవికాల్ వద్దు. కాగితం ముడుచుకుంటుంది, మళ్ళీ ఊడదు. గోధుమ స్టార్చి ఒక వంతు, నీళ్ళు ఐదు వంతులు సన్నసెగ మీద కలుపుతూ, తెలుపు పోయి అద్దంలా వచ్చేదాకా ఉడికించి వడగట్టండి. జపాన్ టిష్యూ (మరమ్మతుకు వాడే పల్చటి, గట్టి కాగితం) సన్నటి పట్టీని కత్తెరతో కాకుండా చేత్తో చింపి, ఆ జిగురుతో జాకెట్టు వెనకవైపు అతికించి, పైన బ్లాటింగ్ కాగితం, బరువు పెట్టి ఒక రాత్రి ఉంచండి. ఏదీ అంటించకూడదన్న మాటకు ఇదొక్కటే మినహాయింపు, ఎందుకంటే ఇది నీటితో మళ్ళీ ఊడొస్తుంది. స్టార్చి అంటే మైదా కాదు. సినిమా పోస్టర్ల మైదా బంకను వెండిపురుగు, బొద్దింక పండగలా తింటాయి.

ప్యాకింగుకు వద్దాం. రాయల్ సైజు గట్టి అట్ట పుస్తకం 600 నుంచి 800 గ్రాములు తూగుతుంది. అంటే పది పుస్తకాలు ఆరు నుంచి ఎనిమిది కిలోలు. టికెట్టులో 30 కిలోలు ఉన్నా ఇంటివాళ్ళ జాబితా ముందు పుస్తకాల వాటా ఎంతో తెలిసిందే, కాబట్టి మిగిలినవి కార్గోలో పోతాయి. ఒక్కోదాన్ని తెల్లకాగితంలో చుట్టి, పాలిథిన్ సంచిలో 10 గ్రాముల సిలికా జెల్ పొట్లంతో పెట్టండి. పెట్టెలో పడుకోబెట్టండి, లేదా వెన్ను కిందికి పెట్టండి. తెరుచుకునే వైపు కిందికి పెడితే పేజీల బరువుకు కుట్టు సాగుతుంది. అత్తరు, తలనొప్పి తైలం, సబ్బు, పాలపొడి ఉన్న పెట్టెలో పుస్తకాలు వద్దే వద్దు. వాసన ఏళ్ళకూ పోదు, నూనె మరక ఎప్పటికీ పోదు. ఆగస్టు, సెప్టెంబరు ఉక్కలో ఏసీ గది నుంచి బయటికి తీస్తే కళ్ళద్దాలు మసకబారినట్టే ఫిల్మ్ మీదా తేమ పడుతుంది. సంచి మూసి ఉంచి, మూడు నాలుగు గంటలు బయటి వేడికి అలవాటు పడ్డాకే తెరవండి. ఇల్లు చేరాక పాలిథిన్ తీసేయాలి. అది ప్రయాణానికే, కాపురానికి కాదు.

ఇప్పుడు మన ఇల్లు. కడప జిల్లాలో చాలా ఇళ్ళలో గోడ గూళ్ళకు కడప బండలే అరలు. బండ ఒకవైపు నునుపు, అంచు గరుకు. పుస్తకం లాగినప్పుడల్లా జాకెట్టు కింది అంచును ఆకురాయిలా రాస్తుంది. ఫిల్మ్ మడత ముందుగా కాచేది దీన్నే. బండ మీద మందపాటి డ్రాయింగ్ అట్ట పరవండి. వార్తాపత్రిక పరిచే అలవాటు మానాలి. దాని ఆమ్లమూ సిరా రెండూ పుస్తకానికి ఎక్కుతాయి. పడమటి గోడ గూడు మే నెలలో పొయ్యిలా కాగుతుంది, వానలకు అదే గోడ చెమ్మ పడుతుంది. నడిమి గోడ గూడు దొరికితే అదృష్టం. ఏ గూడైనా పుస్తకానికీ గోడకూ మధ్య రెండు వేళ్ళ సందు వదలండి. మరీ ఇరికించి పెట్టినా తంటానే, లాగేటప్పుడు వేలు పడేది వెన్ను తల మీదే. పక్క పుస్తకాలను కొంచెం లోపలికి నెట్టి, మధ్యలో పట్టుకుని తీయాలి. చెదల భయానికి కింది అర నేలకు జానెడు పైన ఉండాలి. వేపాకు వేయాలనుకుంటే బాగా ఎండబెట్టి గుడ్డమూటలో కట్టి మూలన ఉంచండి. పుస్తకాల మధ్య పెడితే ఆకు పసరు పడుతుంది.

వెలుతురు విషయంలో పాలియెస్టర్ మీద ఆశ పెట్టుకోవద్దు. మామూలు ఫిల్మ్ ఎండను ఆపదు. ఎరుపు, పసుపు ముందు పోతాయి, నీలం మిగులుతుంది. బొమ్మవైపు బాగానే ఉండి వెన్ను మాత్రం వెలవెలబోయిన పుస్తకాలు ప్రతి ఇంట్లో ఉంటాయి. దీనికి మరమ్మతు లేదు. ముఖచిత్రం కనిపించేలా స్టాండు మీద నిలబెట్టాలనుకుంటే కిటికీ ఎదురుగా వద్దు, మూడు నెలలకోసారి పుస్తకం మార్చండి. గోడకు ఫ్రేము కట్టించేటట్టయితే జాకెట్టు గాజుకు ఆనకూడదు, మధ్యలో మౌంట్ అట్ట ఉండాలి. నిజంగా పాత, ముద్దొచ్చే జాకెట్టు అయితే 600 డీపీఐలో స్కాన్ చేయించి, రంగుల ప్రింటును పుస్తకానికి తొడిగి, అసలుదాన్ని ఫోల్డరులో చీకట్లో ఉంచడం ఉత్తమం. నకలు తొడుగు లోపల చిన్న అక్షరాలతో నకలు అని రాయాలి. రేపు ఎవరైనా కొంటే మోసం కాకూడదు కదా.

మీరు అక్కడ, పుస్తకాలు ఇక్కడ. చూసుకునేది ఇంటివాళ్ళు. "పైన ఏదో కాగితం ఊడొచ్చింది, పారేసినాం నాయనా" అని ఫోనులో వినకుండా ఉండాలంటే ముందే చెప్పాలి: పై కాగితం పుస్తకంలో భాగం, తడిబట్ట వద్దు, పొడిగుడ్డ చాలు. ఫిల్మ్ దుమ్మును లాక్కుంటుంది, నెలకోసారి తుడిస్తే సరి.

ఇంకొకటి, నీళ్ళు. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు రాజంపేట వైపు ఊళ్ళు మునిగిన సంగతి మరచిపోయేది కాదు. కింది అర పుస్తకాలు తడిస్తే ఫిల్మ్ వెంటనే విప్పాలి. లోపల చిక్కిన నీరు ఆరేలోగా నునుపు కాగితం ఫిల్మ్‌కు అతుక్కుంటుంది, అతుక్కున్నాక విడదీయలేం. జాకెట్టు విడిగా తీసి, బొమ్మ పైకి వచ్చేలా బ్లాటింగ్ కాగితం మీద ఫ్యాను గాలికి ఆరబెట్టాలి. ఎండలో వద్దు. ఒకేసారి పది తడిసి చేతులు చాలకపోతే, ఒక్కోదాన్ని జిప్ సంచిలో పెట్టి ఫ్రిజ్ పై గదిలో గడ్డకట్టనివ్వమనండి. బూజు ఆగుతుంది, సిరా కదలదు. ఐస్ ట్రే పక్కన నవల ఉంటే ఇంట్లో నవ్వుతారు, నవ్వనివ్వండి. మీకు సెలవు దొరికేదాకా అది అలాగే ఉండగలదు, మధ్యలో కరెంటు గంటలకొద్దీ పోకుంటే.