ఇయ్యాల ఏకాదశి

పన్నెండున్నర అయింది. ఇల్లంతా పడుకుంది, నాకే నిద్ర పట్టట్లేదు. కారణం అమ్మ మతిమరుపుకని తీయించిన ఎంఆర్ఐ రిపోర్టు కాదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే పొద్దున్నే అందరూ ధైర్యం చెప్పడం మొదలెడతారు. కారణం ఒక తిథి.

ఎంఆర్ఐకి ఒంటి మీద లోహం ఉండకూడదంటే అమ్మ ముక్కుపుడక తీయడానికి పడ్డ గోల మొన్న శనివారం రాశాను కదా. కొబ్బరినూనె, సబ్బునురగ అన్నీ అయ్యాక స్కాన్ సెంటర్లో నర్సమ్మ దారం చుట్టి తిప్పితే ఊడింది, యాభై ఏళ్లుగా కదలని మర. ఇంకా మళ్లీ పెట్టించలేదు. అమ్మ ముక్కు మీద చిన్న నల్ల చుక్క, దాని చుట్టూ ఎండ తగలని తెల్లటి గుండ్రం. మాట్లాడినప్పుడల్లా వేలు అక్కడికే పోతోంది. ఇవాళ డాక్టర్ల ముందు కూర్చున్నంతసేపూ అదే పని.

ముందు చిన్న డాక్టరు చూశాడు. కుర్రాడు, ముప్పై కూడా ఉండవు. "పేషెంటుకి షుగర్ ఎన్నేళ్లుగా ఉందండీ?" అని నన్ను అడిగాడు. పేషెంటు నా పక్కనే, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని నిటారుగా కూర్చుంది. "ఇరవై రెండేండ్లాయె" అని తనే చెప్పింది. అతను నా మొహంలోకే చూస్తూ రాసుకున్నాడు. స్నానం తనే చేస్తారా, దారి తప్పుతున్నారా, కోపం ఎక్కువైందా... అన్నీ నన్నే. ఎక్కువైంది బాబూ, నాకు, అందామనుకున్నాను. అనలేదు. ఆస్పత్రిలో కాలు పెట్టగానే నా నోరు ఎక్కడికి పోతుందో తెలీదు, ఇంటికొచ్చాక మాత్రం ఇలా రెండు పేజీలు.

తర్వాత మతిమరుపు ఎంతుందో కొలిచే ఆ ప్రశ్నల కాగితం. ముప్పై మార్కులది. 1975లో అమెరికాలో తయారైందట, దాని పిల్లలూ మనవలూ ఇప్పుడు ప్రపంచమంతా ఉన్నాయి. ఏ రాష్ట్రం, ఏ ఊరు, ఏ అంతస్తు. అంతస్తు ఎవరికి తెలుస్తుందండీ, లిఫ్టులో వచ్చాం! "నాకేమెరుక, నా బిడ్డ మీట నొక్కింది" అంది అమ్మ. నేను మెల్లిగా మూడు అన్నాను. "మీరు అందించకండి మేడం" అన్నాడు. బయటికొచ్చాక చూస్తే రెండో అంతస్తు.

"ఈరోజు తేదీ ఎంతమ్మా?"

"ఇయ్యాల ఏకాదశి. ఒక్కపొద్దు."

"తేదీ అమ్మా, తేదీ."

"తేదీ నాకెందుకు సారూ? నెలజీతమోళ్లకు గావాలె."

నేను గట్టిగా నవ్వాను. అతను సున్నా వేశాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. జీవితమంతా పంచాంగంతో నడిచిన మనిషిని పట్టుకుని గోడ క్యాలెండర్లో అంకె చెప్పలేదని సున్నా ఏమిటి? పరీక్ష తెలుగులోకి మార్చామంటారు, ప్రశ్న మారితే చాలా, జవాబు ఎలా చెబుతారో అది మారక్కర్లేదా? ఇంటికొచ్చే దారి పొడుగునా ఈ టపానే మనసులో రాసుకున్నాను. వేరేలా ఉండేది అది. చాలా బాగా తిట్టాను అందులో.

ఒక్క మంచి సంగతి జరిగింది, అదీ రాసేస్తాను. వందలోంచి ఏడు తీసేస్తూ పొమ్మన్నాడు. అమ్మ కళ్లు మూసుకుని, వేలు ముక్కు మీదే పెట్టుకుని, "తిరానవే... ఛియాసీ... ఉన్నాసీ... బహత్తర్... పైంసఠ్" అంది. అతను పెన్ను ఆపి తలెత్తాడు. మొదటిసారి అమ్మనే చూసి, "ఉర్దూ మీడియమా అమ్మా?" అన్నాడు. అయిదుకి అయిదు.

ఉర్దూ మీడియమూ కాదు, ఏ మీడియమూ కాదు. జనగామలో తాత కిరాణా దుకాణం. అమ్మకి అప్పుడు ఎనిమిదేళ్లట. తాత నిజాం కాలంలో ఉర్దూలో చదువుకున్నవాడు, లెక్క ఉర్దూలోనే వచ్చేది, తిట్లు మాత్రం తెలుగులో. అప్పటికి హైదరాబాద్ సంస్థానం పోయి పదేళ్లయినా హాలీ సిక్కా, అంటే నిజాం నాణెం, ఇంకా చేతులు మారుతూనే ఉంది. ఏడు హాలీ రూపాయలకి ఆరు కల్దారు, అంటే ఇండియా రూపాయలు. 1959లో గానీ అది పూర్తిగా చెల్లకుండా పోలేదు. దుకాణానికొచ్చే ముసలమ్మలు కొంగుముడి విప్పితే అందులో రెండు రకాలూ ఉండేవి. దానికి తోడు అణాలు పోయి నయా పైసలొచ్చిన కొత్త. తాత కాటా దగ్గర నిలబడి "ఎంతయిందే?" అని అరిస్తే, బెల్లం బుట్ట పక్కన గోనెపట్టా మీద కూర్చున్న ఈ పిల్ల హాలీని కల్దారులోకి, అణాల్ని పైసల్లోకి నోటితోనే మార్చి చెప్పేదట. ఒకసారి వరంగల్ నుంచి సరుకు తెచ్చిన సేటు బీజకంలో (సరుకు బిల్లులో) సవా పన్నెండుని (పన్నెండుంబావుని) సాడే పన్నెండు (పన్నెండున్నర) అని వేస్తే పట్టుకుందట. సేటు నవ్వి ఒక ఖర్జూరం ఇచ్చాడట. తాత మాత్రం ఆ ఖర్జూరం లాక్కుని, "సేటు తప్పు సేటుకే చెప్తరా, నాకు చెప్పాలె గాని" అని చెవి మెలేశాడట. ఈ కథ అమ్మ చెప్పినప్పుడల్లా ఖర్జూరం దగ్గర ఆగుతుంది. పోయిన నెలలో నాలుగుసార్లు చెప్పింది. నాలుగుసార్లూ సవా పన్నెండే, ఒక్కసారి కూడా అంకె మారలేదు.

అన్నయ్యకి ఫోన్లో ఇదంతా చెబితే, "రెండు భాషలు వచ్చినవాళ్లకి మతిమరుపు జబ్బు లేటుగా వస్తుందట కదా" అన్నాడు. అది నిజమే, పైగా ఆ లెక్క మన ఊరిదే. హైదరాబాద్ నిమ్స్ ఆస్పత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి వాళ్లు 648 మంది డిమెన్షియా రోగుల్ని చూసి 2013లో రాశారు. ఒకే భాష మాట్లాడేవాళ్ల కంటే రెండు భాషలవాళ్లకి జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడిందని. బడి మొహం చూడనివాళ్లలో కూడా. కానీ అన్నయ్యా, ఆ 648 మందికీ వచ్చింది కదరా జబ్బు. ఆలస్యంగా వచ్చింది, అంతే. అక్కడ కాఫీ తాగుతూ ఇక్కడి నాలుగున్నరేళ్లని బోనస్‌లా చెబుతాడు. చెప్పనీ.

పెద్ద డాక్టరు దగ్గర ఎనిమిది నిమిషాలు. ఫిల్మ్ లైటు పెట్టె మీద పెట్టాడు. ఫ్లెయిర్ అంటారట, ఆ రకం బొమ్మలో మెదడులోని నీళ్లు నల్లగా పడి, దెబ్బతిన్న చోట్లు తెల్లగా కనిపిస్తాయి. కుంకుడుకాయ రసం చిమ్మినట్టు అక్కడక్కడా తెల్ల మచ్చలు, రెండు మూడు చోట్ల ఒకదాంట్లో ఒకటి కలుస్తున్నాయి. కలవడం మొదలైతే ఫజెకాస్ గ్రేడ్ 2. ఫజెకాస్ అనే ఆస్ట్రియా డాక్టరు 1987లో పెట్టిన కొలత, సున్నా నుంచి మూడు దాకా. బీపీ, షుగర్ కలిసి ఏళ్ల తరబడి సన్న రక్తనాళాల్ని గట్టిపరిస్తే లోపలి తీగలకి రక్తం అందక అలా అవుతుందన్నాడు. జ్ఞాపకాలు చూసుకునే హిప్పోక్యాంపస్ మాత్రం వయసుకి తగ్గట్టే ఉందట. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఇన్నేళ్లు వాడితే బి12 తగ్గుతుంది, అది తగ్గినా మతిమరుపు వస్తుంది కాబట్టి రేపు రక్తం ఇవ్వమన్నాడు. ఆ తర్వాత హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల షుగర్ సగటు, చూసి మొహం చిట్లించాడు.

"6.2 ఏంటండీ? ఈ వయసులో ఇంత టైటుగా ఎందుకు? ఎనిమిది లోపు ఉంటే చాలు."

ఆ 6.2 గురించి ఇక్కడే గొప్పగా రాసుకున్నాను, గుర్తుందా? అన్నం కప్పుతో కొలిచి, అరటిపండ్లు బీరువాలో దాచి సాధించిన 6.2. మెచ్చుకుంటాడనుకుంటే చీవాట్లు! ఈయన మీద కూడా ఇంకో పేరా రాద్దామనుకున్నాను.

రాద్దామని కూర్చునే ఆ "ఎనిమిది లోపు" సంగతి వెతికాను. అకార్డ్ అని పెద్ద ట్రయల్. అందులో మెదడు సంగతి చూసిన భాగం ఫలితాలు 2011లో వచ్చాయి. దాదాపు మూడు వేలమంది షుగర్ వాళ్లు, అందులో సగం మందికి షుగర్ గట్టిగా బిగించి తగ్గించారు. 40 నెలల తర్వాత స్కాన్లో వాళ్ల మెదడు కొంచెం తక్కువ కుంచించుకుపోయింది. కానీ ఇవాళ్టిలాంటి ప్రశ్నలు వేస్తే రెండు గుంపులకీ తేడా లేదు. బొమ్మ బాగుపడింది, మనిషి అంతే ఉంది. పైగా బిగించిన గుంపులో చావులు ఎక్కువ కనిపించి, ఆ పద్ధతిని 2008లోనే ఆపేశారు. ఇంకో మాట కూడా ఉంది, షుగర్ మరీ పడిపోయి ఆస్పత్రిదాకా వెళ్లినవాళ్లకి తర్వాత డిమెన్షియా ఎక్కువ వస్తోందని.

పడిపోవడం అన్నచోట నా వేలు ఆగింది.

ఈ నెల మొదట్లో ఒకరోజు నేను ఆఫీసు నుంచి నాలుగింటికి వచ్చేసరికి అమ్మ చెమటలు పట్టి, జాకెట్టు తడిసి, గోడకి ఆనుకుని కూర్చుంది. వేలు పొడిచి చూస్తే 52. గబగబా చక్కెర నీళ్లు పట్టాను. అన్నం తినలేదేం అంటే "ఒక్కపొద్దు గదా బిడ్డా" అంది. షుగర్ మాత్ర వేసుకుని ఒక్కపొద్దేమిటని అరిచాను. దేవుడి మీద కూడా అరిచాను. ఏకాదశి అవునో కాదో మాత్రం చూడలేదు.

లేచి వంటింట్లోకి పోయి క్యాలెండర్ తిప్పాను. గ్లూకోమీటర్ అంకెలన్నీ అందులోనే పెన్సిల్‌తో రాస్తాను కదా. 52 రాసిన గడిలో తదియ. అసలు ఏకాదశి దాటి ఏడెనిమిది రోజులు.

ఇవాళ పంచమి.

ఇవాళ పొద్దున రెండు ఇడ్లీలు, అల్లం చట్నీ, నా చేత్తో నేనే పెట్టాను. తిన్నది. గ్లిమిపిరైడ్, అదే షుగర్ మాత్ర, వేసుకుంది. ఆరుగంటలు తిరక్కుండానే "ఇయ్యాల ఏకాదశి, ఒక్కపొద్దు" అంటే పక్కనున్న నేను నవ్వాను. పంచాంగం ప్రకారం చెప్పింది, అతనికి అర్థం కాలేదు అనుకున్నాను. ఆ కుర్రాడు వేసిన సున్నా అతని లెక్క ప్రకారమైనా పంచాంగం ప్రకారమైనా సున్నానే. అయినా పేషెంటుని వదిలి నన్ను అడగడం తప్పే, అది మాత్రం వెనక్కి తీసుకోను.

అందించకండి మేడం అన్నాడు. ఏడాదిగా ఇంట్లో నేను చేస్తున్నది అదే కదా. అమ్మ "అదీ... గది..." అని ఆగితే స్ట్రైనరా, చార్జరా, పక్కింటావిడా అని నేనే పూర్తి చేస్తాను. చిన్నదీ చేస్తుంది, మావారూ చేస్తారు. ఆటలా ఉండేది. ఎన్నిసార్లు పూర్తి చేశామో ఎవరం లెక్కపెట్టలేదు. ఒక్కపొద్దులు ఎన్ని ఉన్నాడో లెక్కపెట్టాలంటే... ఉందో అనాలి, ఇదిగో నాకూ నిద్ర లేక మాటలు తడబడుతున్నాయి. నేను ఆఫీసులో ఉన్న మధ్యాహ్నాలు ఎన్ని పోయాయో నాకు తెలియదు. డబ్బాలో అన్నం మిగిలితే ఆకలి లేదంటే నమ్మాను. 6.2 ఎలా వచ్చిందో ఇప్పుడు కొంచెం కొంచెం అర్థమవుతోంది. అన్నం కొలిచే నా కప్పు వల్ల మాత్రమే కాదు.

పొద్దున ఆ పెద్ద డాక్టరుకి ఫోన్ చెయ్యాలి, మాత్ర వెయ్యకముందే. 52 సంగతి ఆయనకి చెప్పనేలేదు. అడగలేదు కాబట్టి చెప్పలేదు, అడిగినా చెప్పేదాన్నా అంటే, ఆ 6.2 పక్కన చెప్పేదాన్ని కాదేమో.

రక్తం తీసే అబ్బాయి ఆరున్నరకి వస్తాడు. అప్పటిదాకా పరగడుపున ఉండాలి. రాత్రి నాలుగుసార్లు చెప్పాను, నాలుగుసార్లూ తలూపింది. అమ్మ అయిదింటికి లేచి మొదట చేసే పని డికాక్షన్. అందుకని కాఫీ ఫిల్టరూ పొడి డబ్బా తీసుకెళ్లి అరటిపండ్ల పక్కన బీరువాలో పెట్టి తాళం వేశాను. పాల గిన్నె ఫ్రిజ్‌లో వెనక్కి తోశాను. ఇవేవీ కనబడక వంటింట్లో ఆ చీకట్లో ఒక్కతే వెతుక్కుంటూ నిలబడుతుందేమో. నాలుగూ ముప్పావుకి అలారం పెట్టాను.