బార్బడోస్ గొంతు, బెజవాడ పాట

పాప్ గాయని రిహానా 1988లో కరీబియన్ దీవి బార్బడోస్‌లో పుట్టింది. 2005లో తొలి ఆల్బమ్, తర్వాత సినిమాలు, 2017లో ఒకేసారి 40 ఛాయల ఫౌండేషన్‌తో (ముఖానికి పూసే మేకప్) ఫెంటీ బ్యూటీ అనే సొంత సౌందర్య సాధనాల కంపెనీ. నల్లటి ఒంటికి సరిపోయే రంగు దొరక్క ఎందరో ఇబ్బందిపడేవారు. ఆ లోటు పట్టుకోవడంలోనే ఉంది అసలు తెలివి.

అలా పాటతో పాటు లెక్కా తెలియాలి. మన బెజవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రంలో పాడుతూ అమెరికాలోని డాలస్ వైపు చూసే పిల్లలు ముందు కాగితాలు సరిచూసుకోవాలి. పాట రికార్డయిన రోజే, స్టూడియో గడప దాటకముందే, రాసినవాళ్లకెంత వాటా, బాణీ కట్టినవాళ్లకెంత వాటా అని పేర్లతో సహా రాసేయండి. మొత్తం సరిగ్గా 100 శాతం రావాలి, అందరి సంతకాలూ పడాలి. పాట హిట్టయ్యాక కూర్చుంటే ఎవరి లెక్క వాళ్లదే. ఇంకొకటి, రికార్డింగు మీద హక్కు వేరు, సాహిత్యం, బాణీల హక్కు వేరు. రెండూ కలిపి ఒకే సంతకంతో ఇచ్చేయొద్దమ్మా! మిక్స్‌ని 24 బిట్ వేవ్ (WAV) ఫైలుగా, అంటే నాణ్యత తగ్గని రూపంలో, దాచుకోండి. ఎంపీ3 ఒక్కటే మిగిలితే రేపు సినిమావాళ్లు అడిగినప్పుడు పనికిరాదు.

అమెరికాలో విజిటర్ వీసా మీద డబ్బు తీసుకుని పాడకూడదు. కళాకారులకిచ్చే పీ-3 లాంటి వీసాకి అక్కడి నిర్వాహకులే ఐ-129 అనే దరఖాస్తు (పిటిషన్) వేయాలి. పారితోషికంలో మామూలుగా 30 శాతం పన్ను ముందే పట్టేస్తారు కాబట్టి, చేతికొచ్చేదెంతో బేరం దగ్గరే తేల్చుకోండి.