థర్మోస్టాటిక్ షవర్ పట్టేస్తే

మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్షా వైపు బోరు నీళ్లు వాడే ఇళ్లలో థర్మోస్టాటిక్ షవర్ (పెట్టిన వేడిని తనే నిలిపే షవర్) గోరువెచ్చగా తప్ప రావట్లేదంటే ముందే గీజర్‌ని తిట్టకండి. చాలాసార్లు వేడి, చల్లటి నీళ్లను కలిపే లోపలి భాగం, అంటే కాట్రిడ్జ్‌లో సున్నం పేరుకుని ఉంటుంది. అందులోని మైనం వేడికి ఉబ్బి పిస్టన్‌ని నెట్టాలి. తెల్లపొర కడితే ఆ పిస్టన్ కదలదు.

గీజర్ ఆపి, వేడి, చల్లటి నీళ్ల లైన్లు రెండూ కట్టేసి, షవర్ తిప్పి ప్రెజర్ వదలండి. నాబ్ పీకాక లోపలి ప్లాస్టిక్ రింగు ఏ పంటి మీద కూర్చుందో ఫోటో తీసుకోండి, తిరిగి బిగించేటప్పుడు అందరూ తప్పేది అక్కడే. కాట్రిడ్జ్‌ని తెల్ల వెనిగర్‌లో గంటసేపు నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో తోమాలి. బాత్రూం యాసిడ్ జోలికి పోవద్దు, ఇత్తడిని తినేస్తుంది. ఇన్‌లెట్ జాలీలూ కడగండి. ఓ-రింగులకు సిలికాన్ గ్రీజే వాడండి. వాజిలిన్ రాస్తే రబ్బరు ఉబ్బే ప్రమాదం ఉంది.

తర్వాత థర్మామీటర్ పెట్టి, 38 డిగ్రీలు వచ్చినచోట నాబ్‌ని 38 గీతకు కలిపి బిగించండి. అప్పటికీ నిలకడ లేకపోతే నాన్-రిటర్న్ వాల్వ్ (నీళ్లు వెనక్కి పోకుండా ఆపేది) చూడాలి, అది పోతే ఒక లైను నీళ్లు రెండోదాంట్లోకి ఎక్కుతాయి.

మే నెలలో అయితే ఈ సెట్టింగ్ తెల్లవారుజామునే పెట్టుకోండి. మధ్యాహ్నానికి పైన ట్యాంకులో నీళ్లే 38 దాటిపోతే ఏ వాల్వూ చల్లార్చలేదు.