సర్వర్‌లో పోయిన హార్డ్ డిస్క్ ఏ ట్రేలో ఉందో పట్టుకోడానికి పడ్డ పాట్లు

విజయవాడలో తెలిసినాయన ఒకాయనకి పెళ్ళి వీడియోల స్టూడియో ఉంది, వాళ్ళ స్టోరేజ్ సర్వర్ అప్పుడప్పుడూ నేనే చూస్తుంటా. పెద్ద టవర్ బాక్సు, ముందువైపు పైనుంచి కిందకి ఎనిమిది ట్రేలు, ఒక్కోదాంట్లో 4 టీబీ సాటా డిస్కు, లినక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్ 5 (డిస్కులన్నిటినీ ఒకటిగా కలిపి, ఒక డిస్కంత జాగాని భద్రత కోసం వాడే ఏర్పాటు, ఆ కలిపిన గుంపునే ఎర్రే అంటారు). అంటే 28 టీబీ వాడుకోవచ్చు, ఒక్క డిస్కు పోతే పర్లేదు, రెండోది పోతే మొత్తం గోవిందా.

మాఘమాసం, ముహూర్తాల మీద ముహూర్తాలు. ఎడిటింగ్‌లో ఫైళ్ళు ఓపెన్ అవ్వడానికి చాలాసేపు పడుతోంది తమ్ముడూ అని ఫోన్ వస్తే వెళ్ళి ఎండీస్టాట్ (రెయిడ్ పరిస్థితి చూపించే ఫైలు) చూశా. ఎనిమిదికి ఏడే ఉన్నాయి, వరసగా యూలు (బాగున్న ఒక్కో డిస్కుకీ ఒక U) ఉండాల్సిన చోట ఆరోదాని దగ్గర అండర్‌స్కోర్, ఎస్‌డీఈ (లినక్స్ ఆ డిస్కుకిచ్చిన పేరు) పక్కన బ్రాకెట్లో ఎఫ్, అంటే ఫెయిల్. ఎన్ని రోజుల నుంచి అలా ఉందో ఎవరికీ తెలీదు, సాఫ్ట్‌వేర్ రెయిడ్ కదా బీప్ కొట్టదు, అలర్ట్ మెయిల్ నేనే పెట్టలేదు, ఆ తప్పు నాదే.

డిస్కు పోయిందని తెలిసింది సరే, ఎనిమిది ట్రేల్లో అది ఏది? ఇదివరకు చూసినతను ట్రేల మీద మార్కర్‌తో ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అని రాసి పెట్టాడు (ఎస్‌డీఏ లోపలున్న బూట్ ఎస్ఎస్‌డీ). దాని ప్రకారం పైనుంచి నాలుగోది లాగాలి. కానీ ఆ అక్షరాలు డిస్కుకి పుట్టుకతో వచ్చిన పేర్లు కాదు, బూట్ అయినప్పుడు ఏది ముందు దొరికితే దానికి ముందు అక్షరం, రీస్టార్ట్ చేస్తే మారిపోవచ్చు. పోనీ అండర్‌స్కోర్ ఆరో స్థానంలో ఉందిగా, ఆరో ట్రే అనుకుందామంటే అది రెయిడ్‌లో డిస్కు వరస నెంబరే తప్ప ట్రే నెంబర్ కాదు. రెండిట్లో ఏది నమ్మి లాగినా, అది బతికున్న డిస్కైతే ఆ క్షణమే ఎర్రే కూలిపోతుంది.

స్మార్ట్‌సీటీఎల్ అని డిస్కు ఆరోగ్యం చూసే టూల్‌తో ఎస్‌డీఈని అడిగితే నోరు మెదపలేదు. అయితే డెవ్ డిస్క్ బై-ఐడీ ఫోల్డర్‌లో దాని లింక్ ఇంకా ఉంది, ఆ లింక్ పేరులోనే మోడల్, సీరియల్ నెంబర్ ఉంటాయి. మిగతా ఏడింటి సీరియళ్ళు కూడా తీసి కొన్నప్పటి బిల్లుతో పోల్చా, ఏడూ టిక్ పడ్డాయి, మిగిలిన ఎనిమిదోది సరిగ్గా ఇదే. కానీ సీరియల్ స్టిక్కర్ డిస్కు పైభాగంలో ఉంటుంది, ట్రే లాగితే తప్ప కనపడదు, చూడాలంటే లాగాలి, లాగాలంటే ముందు తెలియాలి!

లెడ్‌సీటీఎల్ అని ట్రే లైటు వెలిగించే టూల్ ఒకటుంది, ఈ బాక్సులోని బ్యాక్‌ప్లేన్‌కి (ట్రేల్లోని డిస్కులు గుచ్చుకునే లోపలి బోర్డు) అది పనిచెయ్యలేదు. సర్వర్ ఆపేసి ఒక్కోటీ తీసి చూడటమే అన్నిటికన్నా సేఫ్ అని మీరనొచ్చు, నిజమే, కానీ ఏళ్ళ తరబడి ఆగకుండా తిరిగిన డిస్కుల్ని ఆపితే మళ్ళీ అన్నీ లేస్తాయో లేదో అని నాకు భయం. అందుకని ముందు ఆ సీజన్ ప్రాజెక్టులు బయటి డిస్కుల్లోకి కాపీ చేయించి, రాత్రి పదింటికి ఎడిటర్లు వెళ్ళాక వాల్యూమ్ అన్‌మౌంట్ చేశా, అంటే ఎవరూ వాడకుండా విడదీశా. లైట్లన్నీ సద్దుమణిగాయి.

అప్పుడు బతికున్న ఒక్కో డిస్కునీ డీడీ అనే కాపీ కమాండ్‌తో పది సెకన్లు చదివించి డెవ్ నల్‌లోకి (ఏం వేసినా మాయమైపోయే చోటు) పారబోయించా, ఏ ట్రే లైటు మిణుకుమంటే అది ఆ డిస్కు. (డీడీలో ఐఎఫ్ అంటే చదివే చోటు, ఓఎఫ్ అంటే రాసే చోటు, ఓఎఫ్ దగ్గర డిస్కు పేరు పడితే అదే రాసే చోటైపోతుంది, ఎంటర్ కొట్టేముందు రెండుసార్లు చూస్కోండి.) కీబోర్డు పక్క గదిలో, సర్వర్ ముందు స్టూడియో కుర్రాడు. "అన్నా, మూడోది" అన్నాడు, రాసుకున్నా. నాలుగు డిస్కులయ్యాక డౌటొచ్చి వెళ్ళి చూస్తే వాడు కిందనుంచి లెక్కపెడుతున్నాడు, నేను పైనుంచి! రాసుకున్నదంతా కొట్టేశా. నెంబర్లు వద్దురా బాబూ, వెలిగినదానికి ఏదో ఒకటి అంటించు అన్నా, మేకప్ కిట్‌లోంచి బొట్టుబిళ్ళల అట్ట తెచ్చాడు.

మళ్ళీ మొదట్నుంచి. ఏడు డిస్కులు, ఏడు బొట్టుబిళ్ళలు. బిళ్ళ పడనిది పైనుంచి ఏడో ట్రే, దాని మీద మార్కర్‌తో ఎస్‌డీహెచ్ అని ఉంది. నాలుగోదీ కాదు, ఆరోదీ కాదు. నమ్మకం కుదరక మొత్తం ఇంకోసారి చేశా, అదే వచ్చింది.

రెయిడ్‌ని నడిపే ఎండీఆడమ్ టూల్‌లో ఎస్‌డీఈని రిమూవ్ కొట్టి, ట్రే లాగి టార్చి వేసి చూస్తే సీరియల్ చివరి నాలుగంకెలు సరిపోయాయి. కొత్త డిస్కు పెట్టి యాడ్ చేశా. రీబిల్డ్ (పోయిన డిస్కులోని డేటాని కొత్తదాంట్లో మళ్ళీ కట్టడం) సెకనుకి 110 ఎంబీ దగ్గర నడిచింది, అంటే పది గంటల పైనే, ఆ రాత్రంతా నాకు నిద్రలేదు, ఈ టైంలో ఇంకోటి పోతే ఏంటనే ఆలోచనే. పొద్దున్న తొమ్మిదిన్నరకి ఎనిమిది యూలు కనపడ్డాక టీ తాగా.

ఇప్పుడు ప్రతి ట్రే ముందు సీరియల్ చివరి నాలుగంకెలు ప్రింట్ చేసి అంటించా, మెయిల్ అలర్ట్ కూడా పెట్టా. రెండు డిస్కులు పోయినా తట్టుకునే రెయిడ్ 6కి మారదాం అన్నా, ఇంకో డిస్కంత జాగా పోవడమే కదా అంటే "సీజన్ అవ్వనీ తమ్ముడూ" అన్నారు.