ఏడు నెలల తర్వాత ప్రభువు బల్లలో చెయ్యి వేశాను

నిన్న ఆదివారం, ఏడు నెలల తర్వాత, ప్రభువు బల్లలో చెయ్యి వేశాను, అంటే యేసును తలచుకుని సంఘమంతా పంచుకునే రొట్టె, ద్రాక్షరసం తీసుకున్నాను. రొట్టెముక్క అరచేతిలోకి తీసుకుంటే వేళ్లు వణికాయి. ఆ వణుకు ఇంకా పోలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

మాది ఒంగోలు. పెళ్లయి చెన్నైలో విల్లివాక్కం వచ్చి పన్నెండేళ్లు. పోయిన ఏడాది అమ్మ మంచాన పడితే నాలుగు నెలలు ఊళ్లోనే ఉండి చేశాను. అమ్మ ప్రభువు దగ్గరికి వెళ్లాక తిరిగొచ్చి ఇల్లు సర్దుకున్నాను కానీ ప్రార్థన రాలేదు. మోకరిస్తే ఒక్క మాట పుట్టేది కాదు. సంఘంలో పదేళ్లుగా పాట ఎత్తేదాన్ని, రెండో చరణానికే గొంతు పట్టేసేది.

పాస్టరుగారికి చెప్పుకున్నాను, ఆయనకొక్కరికే. ఇరవై ఒక్క రోజులు ఉపవాసం ఉండమన్నారు. పదిహేనో రోజు మెట్ల మీద కళ్లు తిరిగాయి. ఆ శుక్రవారం రాత్రి కూడికలో పేరు పెట్టి పిలిచి నన్ను నిలబెట్టారు. "మన చెల్లెమ్మకు ప్రార్థన రావడం లేదంట" అని మైకులో చెప్పేశారు. తర్వాత ఆ మైకు నా నోటి దగ్గర పెట్టి, "దాచుకున్న పాపం ఏంటో ఒప్పుకోమ్మా, ఇప్పుడే విడుదల" అన్నారు. ఎంత వెతుక్కున్నా ఏదీ తట్టలేదు. ఎనిమిదేళ్ల నా కూతురు చాప మీద కూర్చుని నా కొంగు పట్టుకుంది. వెనక నుంచి ఎవరో "ఒప్పుకో తల్లీ" అన్నారు. ఇంకెవరో అన్యభాషల్లో, అంటే ఆత్మావేశంలో వచ్చే అర్థంకాని మాటల్లో, ప్రార్థన మొదలుపెట్టారు. నా ఊపిరి మైకులో బుసబుసమని హాలంతా వినిపిస్తోంది. ఎలాగోలా కూర్చుంటే చాలనిపించి, "మా అత్తయ్య మీద కోపం పెట్టుకున్నాను" అనేశాను. అబద్ధం. నేను ఊళ్లో ఉన్న నాలుగు నెలలూ నా ఇల్లు మోసింది అత్తయ్యే. అందరూ హల్లెలూయ అన్నారు. ఆయనకు అదీ చాల్లేదు. పూర్తిగా ఒప్పుకునేదాకా బల్లలో చెయ్యి వేయొద్దన్నారు.

2019 వేసవిలో చెన్నైకి నీళ్లిచ్చే పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం చెరువులు నాలుగూ ఎండిపోయినప్పుడు ఇదే వీధిలో బిందెలు వరసపెట్టి ట్యాంకర్ కోసం నిలబడ్డాం. జూలైలో జోలార్‌పేట నుంచి 50 వ్యాగన్ల రైలు 25 లక్షల లీటర్ల నీళ్లు మోసుకుని మా విల్లివాక్కానికే వచ్చింది. నీ బోరు ఎందుకు ఎండింది, ఏం పాపం చేశావని ఆ లైన్లో ఎవరూ ఎవరినీ అడగలేదు. ముందు నీళ్లు పోశారు. ఎండిపోయిన మనిషిని మైకు ముందు నిలబెట్టే కాపరి మీద నాకు ఇప్పటికీ కోపమే. మీ పాస్టరు మంచివారైనా సరే, ఇలాంటిది చెప్పుకునే ముందు ఆయన రహస్యం నిలుపుకునే మనిషేనా చూసుకోండి.

వెనక వీధిలో ఒక రిటైర్డ్ నర్సమ్మగారు ఉన్నారు, రాజమండ్రి వాళ్లు. విషయం విని ఇంటికొచ్చారు. వాక్యం చెబుతారనుకుంటే నా కంటి కింది రెప్ప లాగి చూసి, "తెల్లగా పాలిపోయింది, ముందు రక్తపరీక్ష చేయించు" అన్నారు. రక్తం తక్కువే ఉంది, మాత్రలిచ్చారు. ఆ తర్వాతే బైబిల్ తెరిచి మొదటి రాజులు 19వ అధ్యాయం చదివించారు. ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద చావు కోరుకుని పడుకుంటే దేవదూత తట్టి లేపింది తినమనే. నిప్పుల మీద కాల్చిన అప్పం, ఒక బుడ్డి నీళ్లు. తిని మళ్లీ పడుకున్నాడు. మళ్లీ లేపి మళ్లీ తినమన్నాడు. ఇక్కడేం చేస్తున్నావని దేవుడు అడిగింది నలభై రోజులు నడిచి హోరేబు కొండ చేరాకే. చిన్నప్పటి నుంచి సండే స్కూల్లో విన్న కథ, ఈ వరస నేనెప్పుడూ గమనించలేదు.

"సొంత మాటలు రాకపోతే మానెయ్, కీర్తన పైకి చదువు" అన్నారు. రోజూ తెల్లారి 42, 88. ఎనభై ఎనిమిదో కీర్తన చీకటి దగ్గరే ఆగిపోతుంది, చివర్లో స్తోత్రం కూడా లేదు. అలాంటి ప్రార్థనను కూడా దేవుడు తన గ్రంథంలో ఉంచాడంటే నాకు ధైర్యం వచ్చింది. నాలుగు వారాలు ఏమీ జరగలేదు. ఐదో వారం "నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు" దగ్గర అమ్మ గొంతు వినిపించినట్టయింది. ఆస్పత్రిలో అమ్మ గొణుక్కున్న మాట అదే. అమ్మ పోయాక మొదటిసారి ఏడ్చాను, గంటసేపు. ఏడుస్తూ ఏదో అడిగాను, అది ప్రార్థనేనని తర్వాత తెలిసింది.

అత్తయ్యకు జరిగింది చెప్పి క్షమించమన్నాను. "పోనీలే, అక్కడ ఏదో ఒకటి అనాలి కదా" అని ఆ పూట సొరకాయ పులుసు తనే పెట్టింది.

నర్సమ్మగారు వెళ్లే చిన్న తెలుగు సంఘానికే ఇప్పుడు వెళ్తున్నాం. నిన్న నేను లేచి బల్ల దగ్గరికి కదలగానే పాప కొంగు పట్టుకుంది.

"అమ్మా, మళ్లీ మైకు పెడతారా?"

"లేదమ్మా, రొట్టె ఇస్తారు" అన్నాను. తిరిగొచ్చి కూర్చునేదాకా నన్నే చూసి, నా ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది.