మళ్లీ అడిగే మనిషి

పెద్దవయసులో వచ్చే కుంగుబాటుకు మానసిక వైద్యుడి దాకా వెళ్లకుండా, బీపీకీ షుగరుకూ చూపించుకునే మామూలు డాక్టరు దగ్గరే వైద్యం చేయవచ్చా అన్న ప్రశ్నతో ఈ నెలంతా ఇంపాక్ట్ అధ్యయనాన్ని చదువుతున్నాను. అమెరికాలో ఐదు రాష్ట్రాల్లోని 18 ప్రాథమిక వైద్య క్లినిక్కుల్లో, 60 ఏళ్లు దాటిన 1,801 మందిపై యూర్గెన్ ఉనుట్జర్ బృందం జరిపిన ఈ పరిశీలన ఫలితాలు 2002 డిసెంబరులో వెలువడ్డాయి. ఏడాది తిరిగేసరికి లక్షణాలు కనీసం సగానికి తగ్గినవారు ఒక వర్గంలో 45 శాతం, మామూలు వైద్యం పొందిన వర్గంలో 19 శాతం.

ఈ రెండో వర్గంలోనూ రోగులకు డిప్రెషన్ ఉన్నట్టు వారి డాక్టర్లకు తెలియజేశారు, మాత్రలు రాయడానికి అక్కడా అడ్డేమీ లేదు. మొదటి వర్గానికి అదనంగా దొరికింది 'కేర్ మేనేజర్' అనే ఒక నర్సో సైకాలజిస్టో. చికిత్స తొలి నెలల్లో సుమారు రెండు వారాలకోసారి కలిసో ఫోను చేసో ఎలా ఉన్నారని అడిగి, గుణం కనిపించనివారి సంగతి వారంవారం మానసిక వైద్యుడితో చర్చించి, మందో పద్ధతో మార్పించే మనిషి. మందు వద్దన్నవారికి ఆరు నుంచి ఎనిమిది విడతల్లో సమస్యా పరిష్కార చికిత్స ఉండేది: తనను వేధిస్తున్న చిక్కుల్లో ఒకదాన్ని రోగే ఎంచుకుని, వచ్చేసారికల్లా తాను చేయగలిగిన ఒక చిన్న పని నిర్ణయించుకోవడం, అది జరిగిందో లేదో తర్వాత ఇద్దరూ కూర్చుని చూసుకోవడం. ఇంత చేసినా సగానికి పైగా రోగులకు ఆ మేరకు గుణం కనిపించలేదన్నది మరువరాదు.

మన దేశానికి మరింత దగ్గరి ఉదాహరణ గోవాది. 2019లో ప్రచురితమైన ఆ పరిశీలనలో 60 దాటిన 181 మందిలో 91 మందికి, కుంగుబాటు ఇంకా ముదరని దశలోనే, వైద్య చదువు లేని సలహాదారులు ఈ సమస్యా పరిష్కార పద్ధతినే నేర్పారు. నిద్ర పట్టే ఉపాయాలు చెప్పారు, ప్రభుత్వ సాయం అందుకునే దారి చూపారు. ఏడాదిలో పూర్తిస్థాయి డిప్రెషన్‌లోకి జారినవారు వారిలో 4.4 శాతం, మామూలు వైద్యం పొందినవారిలో 14.4 శాతం. పింఛను దరఖాస్తు కూడా చికిత్సలో భాగమే అనిపించే పద్ధతి కాబట్టి నాకు ఇదే ఎక్కువ నచ్చింది.

మా పీహెచ్‌సీకి నెలనెలా బీపీ మాత్రలకు వచ్చే పెద్దవాళ్లెవరూ దిగులని చెప్పరు. నీరసం, కాళ్ల పీకులు, తెల్లవారుజామున మూడింటికే మెలకువ అంటారు. అందుకని కుంగుబాటును గుర్తించడానికి వాడే తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ పత్రాన్ని వారి మాటల్లోకి తేవడానికి ప్రయత్నిస్తున్నాను. పనుల మీద ఆసక్తి తగ్గిందా అన్న మొదటి ప్రశ్నను "ఏ పనీ చేయబుద్ధి కావడం లేదా?" అని అడిగితే, "ఈ వయసులో నాకు పనేముంటుందమ్మా?" అని ఒక పెద్దాయన నన్నే ఎదురు ప్రశ్న వేశారు. ఆ వాక్యాన్ని మళ్లీ రాయాలి.